కేప్ కాడ్ తంతి స్టేషన్: అంతమందిని అంత కొద్దిమంది ఎలా ఏలారు?

ఈ ప్రయాణానికి కారణం మా అమ్మాయి నిత్య అన్న ఒక్క మాట. ఇక్కడ అమెరికాలో, మా ఊరు ఎడిసన్‌లో మేం కొందరు తల్లిదండ్రులం కలిసి ఆదివారాలు పెద్ద పిల్లలకి తెలుగు క్లాసు నడుపుతున్నాం. ఆ వారం చరిత్ర పాఠం నా వంతు. తెల్లవాళ్ళు మన దేశాన్ని ఎలా పాలించారో చెబుతుంటే, పదో గ్రేడ్ చదువుతున్న నా కూతురు అందరి ముందూ నన్ను ఆపి, “అమ్మా, వాళ్ళు అంత తక్కువ మంది, మనం అంత ఎక్కువ మంది. ఐనా మనమే లూజ్ అయ్యాం. అంటే మనవాళ్ళు వీక్, అంతే కదా?” అంది. మిగతా పిల్లలు అవునన్నట్టు తలలూపారు. ఒక్కరి మొహంలోనైనా వెటకారం కనిపిస్తే నాకింత బాధ ఉండేది కాదు. తరతరాల మనుషుల్ని ఒక్క మాటతో తేల్చేసి, తర్వాతి పేజీ తిప్పడానికి సిద్ధంగా కూర్చున్నారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. “వచ్చే వారం జవాబు చెబుతాను” అని క్లాసు ముగించాను. నా కూతురు తన ముత్తాతల గురించి ఆ అభిప్రాయంతో పెరగడానికి వీల్లేదని ఆ రోజే గట్టిగా అనుకున్నాను.

నేను నెట్‌వర్క్ ఇంజినీర్ని. సముద్రం అడుగున వేసిన కేబుళ్ళ మీదుగా వచ్చే డేటాతోనే రోజూ నా కుస్తీ. అందుకే జవాబు కూడా నాకు తెలిసిన దారిలోనే వెతికాను. మసాచుసెట్స్‌లోని కేప్ కాడ్ అనే ద్వీపకల్పం మీద ఓర్లీన్స్ అని ఒక చిన్న ఊరుంది. ఫ్రాన్స్ నుంచి అట్లాంటిక్ కింద వేసిన టెలిగ్రాఫ్ కేబుల్ ఒకప్పుడు అక్కడ ఒడ్డుకి చేరేది. ఆ పాత స్టేషన్ ఇప్పుడు మ్యూజియం. మాది కాకినాడ, పక్కనున్న యానాం ఫ్రెంచివాళ్ళ కింద ఉన్న సంగతి వింటూ పెరిగాను కాబట్టి ఆ కేబుల్ మీద నాకు మరింత ఆసక్తి. మా ఆయన మాత్రం, “నాలుగు తీగ ముక్కలు చూడ్డానికి కేప్ కాడ్ దాకానా? హాయిగా ఏ బీచ్‌కో పోండి” అన్నాడు. “బీచ్ కూడా అక్కడే ఉంది, నువ్వు నీ క్రికెట్ చూసుకో” అని శనివారం తెల్లవారుజామున ఐదింటికి నిత్యని నిద్రలేపి కార్లో కూర్చోబెట్టాను.

ఎడిసన్ నుంచి ఓర్లీన్స్‌కి ట్రాఫిక్ లేకపోతే ఐదు గంటల డ్రైవ్. న్యూయార్క్ దాటి ఐ-95 పట్టుకుంటే కనెక్టికట్ అంతా సముద్రం వారగానే పోవచ్చు. ప్రావిడెన్స్‌లో ఐ-195 ఎక్కి, బోర్న్ బ్రిడ్జి మీదుగా రూట్ 6లోకి చేరాలి. వేసవి శనివారం ఆ బ్రిడ్జి దగ్గర కార్లు బారులు తీరతాయి. మాకూ తప్పలేదు, గంట పోయింది. గ్యాసుకి, అంటే పెట్రోలుకి, టోల్‌కి కలిపి రానూపోనూ వంద డాలర్లు దాటుతుంది. కనెక్టికట్ రెస్ట్ ఏరియాలో పులిహోర డబ్బా తెరిచేదాకా నిత్య హుడీ టోపీలోంచి మొహం బయటపెట్టలేదు. తింటూ, “అమ్మా, నువ్వు నన్ను రాంగ్ అని ప్రూవ్ చెయ్యడానికి ఇంత దూరం డ్రైవ్ చేస్తున్నావా?” అంది. అవునన్నాను. “ఓకే, రెస్పెక్ట్” అని మళ్ళీ పడుకుంది.

ఓర్లీన్స్ చేరేసరికి పదకొండున్నర. మ్యూజియం మధ్యాహ్నం గాని తెరవరు కాబట్టి ముందు భోజనం చూసుకున్నాం. రోడ్డు పక్క చిన్న కొట్టు దగ్గర నేను మాంసం లేనిదేమైనా ఉందా అని అడిగితే, వంటతను ఎంతో ధీమాగా చౌడర్ సూప్ తీసుకోమన్నాడు. “అందులో ఏముంది?” అంటే, “ఆల్చిప్పలు, కాస్త బేకన్. మాంసం ఏమీ లేదు” అన్నాడు. బేకన్ అంటే పంది మాంసమే. నిత్య నవ్వు ఆపుకోలేక అవతలికి వెళ్ళిపోయింది. చివరికి పాపం ఆయనే జున్ను వేసి రొట్టెలు కాల్చి, టొమాటో ముక్కలు పెట్టి ఇచ్చాడు. ఇద్దరికీ కలిపి ఇరవై రెండు డాలర్లు అయింది.

మ్యూజియం ఒక పాత చెక్క ఇల్లు. టికెట్ లేదు, తోచింది ఇవ్వచ్చు. మార్గరెట్ అనే పెద్దావిడ వాలంటీరుగా అన్నీ దగ్గరుండి చూపించింది. ఇత్తడి యంత్రాలు, కాగితం పట్టీ మీద వంకర గీతలా పడే సంకేతాలు, ఆ గీతని చదివి మాటలుగా రాసే ఆపరేటర్ల బల్లలు. ఆవిడ ఒక కేబుల్ ముక్క నిత్య చేతిలో పెట్టింది. మధ్యలో రాగి తీగ, చుట్టూ నల్లటి పొర, దాని పైన ఇనుప తీగల కవచం. “ఈ నల్లటిది ఏంటి?” అని నిత్య అడిగింది. “గట్టాపర్చా. రబ్బరు లాంటి చెట్టు పాలు. ఉప్పునీళ్ళలో కూడా చెడదు. మలయా వైపు అడవుల నుంచి వచ్చేది. పాల కోసం చెట్టునే నరికేసేవాళ్ళు” అంది మార్గరెట్.

నిత్య ఆ ముక్కని తిప్పి తిప్పి చూసింది. “అంటే కాలనీలో చెట్లు కొట్టి, ఆ పాలతో కేబుల్ చేసి, ఆ కేబుల్‌తో మళ్ళీ కాలనీనే కంట్రోల్ చేశారా?”

నా పాఠం తనంతట తానే నడిచి వచ్చినట్టనిపించింది. దారి పొడుగునా మనసులో కూర్చుకున్నదంతా చెప్పేశాను. ఎక్కడైనా జనం తిరగబడితే ఆ కబురు తంతి మీద గంటల్లో దొరలకి చేరేది. సైన్యం రైలెక్కి వచ్చేది, ఇంకా చాలకపోతే ఆవిరి ఓడలో దిగేది. తిరగబడ్డ వాళ్ళకి మాత్రం పక్క జిల్లాలో ఏం జరుగుతోందో తెలియాలంటే మనిషి నడిచి రావలసిందే. ఇంగ్లిషువాళ్ళు ఇండియాలోనైనా, ఫ్రెంచివాళ్ళు ఆఫ్రికాలోనైనా పద్ధతి ఇంచుమించు ఇదే. “వార్త ఎవరి చేతిలో ముందు పడితే వాళ్ళదే పైచేయి. మనవాళ్ళు వీక్ కాదు, మనవాళ్ళకి తీగ లేదు” అని గర్వంగా ముగించాను. పనైపోయిందనుకున్నాను.

ఆ ఊపులోనే మార్గరెట్‌కి మా ముత్తాత కథ చెప్పాను. ఆయన రాజమండ్రి తంతి ఆఫీసులో ఆపరేటరు. మన్యంలో పితూరీ, అంటే కొండజనం తిరుగుబాటు, నడిచిన రోజుల్లో ఆయన రాత్రింబవళ్ళు కుర్చీ దిగకుండా మెసేజీలు పంపాడట. మెచ్చుకుని దొర స్వయంగా ఆఫీసుకొచ్చి చెయ్యి కలిపాడట. మా ఇళ్ళల్లో ఏ పెళ్ళయినా ఎవరో ఒకరు ఈ కథ ఎత్తుకుంటారు. చెయ్యి కలిపిన చోట గొంతు పెంచుతారు. నేనూ పెంచాను. మార్గరెట్ ముచ్చటపడింది.

“అమ్మా, ఆ మెసేజ్‌లలో ఏముంది?” అంది నిత్య.

“ఏముంటుంది, ఎక్కడికి ఎంత సైన్యం పంపాలో...” అని, మధ్యలో ఆగిపోయాను. ఇన్నేళ్ళలో, ఇన్ని పెళ్ళిళ్ళలో, ఈ ప్రశ్న మాలో ఒక్కరికీ తట్టలేదు.

మార్గరెట్ నా మొహం చూసి, “ఆపరేటర్లకి అర్థంతో పని లేదమ్మా. తప్పు లేకుండా, వేగంగా పంపడమే వాళ్ళ ఉద్యోగం” అంది మెల్లగా.

“కానీ ఆయనకి ఇంగ్లిష్ వచ్చు కదా?” అంది నిత్య.

తర్వాత నాసెట్ బీచ్‌కి వెళ్ళాం. వేసవిలో కారు పార్కింగ్‌కి డబ్బు తీసుకుంటారు, సాయంత్రం అయితే తీసుకోరు, కాబట్టి ఆలస్యంగా వెళ్ళడమే లాభం. ఇసుకలో కూర్చున్నాం గాని నాకు సముద్రం మీద ధ్యాస లేదు. సిగ్గేసింది, ఆ ముత్తాత మీద జాలి కూడా వేసింది. “ఆయనకి పెద్ద సంసారం ఉండేది కదా. జీతం మానేస్తే ఇంట్లో పొయ్యి వెలగదు. ఆయన కాదంటే ఇంకొకడు పంపేవాడు” అన్నాను. నిత్య, “మరి కంట్రోల్ చేసింది వాళ్ళా, మనమా?” అంది. “తీగ వాళ్ళది, వేళ్ళు మనవి” అన్నాను. తంతి కొట్టినవాడు, బంట్రోతు, సిపాయి, పన్ను వసూలు చేసిన ఊరి ఉద్యోగి, అందరూ మనవాళ్ళే. అంత కొద్దిమంది అంతమందిని ఏలింది ఇలాగే. యంత్రాల మీద నెట్టేసి నేను తప్పించుకోబోయిన సగం ఇది.

“రేపు క్లాసులో ఇది చెప్తావా? హ్యాండ్‌షేక్ కూడా?” అంది. ఒక్క క్షణం మా చిన్నాన్న గుర్తొచ్చాడు. ఈ కథ ఆయన ప్రాణం, ఈ బ్లాగు కూడా చదువుతాడు. కోపం వస్తుంది. రానీ. “చెబుతాను” అన్నాను.

మీలో ఎవరైనా వెళ్ళాలనుకుంటే ఒక్కటే సలహా: ఆ మ్యూజియం వేసవిలో మాత్రమే, అదీ వారంలో కొన్ని రోజులే, కొన్ని గంటలే తెరుస్తారు. బయల్దేరే ముందు కనుక్కోండి, లేకపోతే ఐదు గంటలు డ్రైవ్ చేసి తాళం చూసి వస్తారు. వాదించే వయసు పిల్లలుంటే తప్పకుండా వెంట తీసుకెళ్ళండి.

ఆదివారం అంతా చెప్పాను. చెట్టు పాలు, తీగ, రైలు, ఓడ, చివరికి మా ముత్తాత, ఆయన పట్టుకున్న దొర చెయ్యి. తేజస్ అనే కుర్రాడు, “సో ఆంటీ, మనవాళ్ళు వీక్ మాత్రమే కాదు, ట్రెయిటర్స్ కూడానా?” అన్నాడు. నేను నోరు తెరిచేలోపే నిత్య వాడి వైపు తిరిగింది. “వీక్ వాళ్ళని పట్టుకోవడానికి అంత కేబుల్ ఎందుకు? సముద్రం కింద వేశారు, రైల్ వేశారు, ఆర్మీ తెచ్చారు, అవీ చాలక మనవాళ్ళకే జీతాలిచ్చారు. భయం లేకపోతే ఇంత ఎందుకు చేస్తారు?” వారం క్రితం మన పూర్వీకుల్ని ఒక్క మాటతో తీసిపారేసిన పిల్ల ఇప్పుడు వాళ్ళ తరఫున నిలబడింది. నా కళ్ళు చెమర్చాయి. అయినా తేజస్ వదల్లేదు. “మరి మీ గ్రేట్ గ్రాండ్‌ఫాదర్ ఆ వైర్ కట్ చేసి ఉండచ్చు కదా? ఆంటీ, మీరైతే ఏం చేసేవారు?” అన్నాడు. నా వీసా, ఇంటి లోను, నెలనెలా వచ్చే జీతం అన్నీ కళ్ళముందు మెదిలాయి. అబద్ధం చెప్పకూడదనుకుని వచ్చాను కాబట్టి, “నాకు తెలీదు నాన్నా” అన్నాను.

“నేను కట్ చేస్తాను” అంది నిత్య.