గుమ్మానికి అడ్డం పట్టిన తాడు

సింగపూర్‌లోని సెంగ్‌కాంగ్‌లో మా ఇంటి అగ్రిమెంటు ముగిసే నెలలో ఓనరు అంకుల్ ఆదివారం భోజనానికి వస్తానన్నాడు. ఆయన సరేనంటే ఆ ఫ్లాట్ ఇంకో రెండేళ్ళు మాది. కాదంటే సామాన్లు సర్దుకోవాలి. నా కూతురూ, దానితో కలిసి బతుకుతున్న అమ్మాయీ ఆ ఇల్లు దొరకడానికి పడిన పాట్లు నాకు తెలుసు. ఇద్దరు ఆడపిల్లలు ఒకే గదిలో ఉంటామంటే చూసే చూపు ఏ దేశంలోనైనా ఒకటే. ఈయన తెలుగాయన, స్నేహితురాళ్ళనుకుని ఇచ్చేశాడు.

"అమ్మా, ఈ ఒక్క పూట మన ఊరి సంగతులు ఎత్తకు," అంది కూతురు పొద్దున్నే.

"నీ చదువంతా ఆ సంగతులే కదే!" అన్నాను.

యూనివర్సిటీలో అది చేసే పని అదే. మా కోయ ఆడవాళ్ళ భూములు మైదానం నుంచి వచ్చినవాళ్ళ చేతికి ఎలా పోయాయి, మగతోడు లేకుండా బతికిన ఆడవాళ్ళని ఎలా కొట్టారు, అవన్నీ రాస్తుంది. నేను చెబుతుంటే రికార్డు చేసుకుంటుంది. కూతురు ఇంగ్లీషులో చెబితే ఆ అమ్మాయి విని కళ్ళు తుడుచుకుంటుంది. ఆ అమ్మాయిది ఇక్కడి దీవుల్లో తరాలుగా ఉన్న జాతి. వాళ్ళ అమ్మమ్మని సముద్రపొడ్డు గుడిసెలోంచి లేపి, తెచ్చి ఫ్లాట్‌లో పెట్టారట.

హౌగాంగ్ మార్కెట్‌లో లేత వెదురు మొలకలు దొరికితే కూర వండాను. అక్కడే వచ్చింది చిక్కు.

"పిన్నిగారూ, ఏం కూరండీ ఇది! చిన్నప్పుడు మా తాతగారి ఊళ్ళో తిన్నా, మళ్ళీ ఇవాళే," అన్నాడు అంకుల్ వేళ్ళు నాకుతూ. "ఏజెన్సీలో బోలెడు పొలం చేశారండీ తాతగారు. అంతా అడవే నరికించి. అసలు మనిషన్నవాడు లేడక్కడ."

నా చేతిలో గరిటె ఆగిపోయింది. కూతురు నా పైట కొస పట్టి లాగింది.

"ఉన్నామండి బాబూ," అన్నాను. ఇంక నా నోరు ఆగలేదు. మా అక్క కథ చెప్పేశాను.

ఏజెన్సీ భూమి బయటివాళ్ళు కొనకూడదు. అందుకని మైదానం నుంచి వచ్చిన ఒక రైతు మా అక్క మెడలో పసుపుతాడు కట్టి, భూమి దాని పేరున రాయించాడు. అతని పెళ్ళాం పిల్లలు మేడలో, మా అక్క గొడ్లపాకలో. తాగొచ్చి పలుపుతాడుతో బాదేవాడు. ఒకరోజు అక్క లేచి, పక్క గూడెంలో మొగుడు పోయిన ఒకామె దగ్గరికి వెళ్ళిపోయింది. ఇద్దరిదీ ఒకే గుడిసె, ఒకే పొయ్యి. సాయంత్రాలు ఒకరి తల ఒకరు దువ్వుకునేవారు. గొణిగినవాళ్ళు గొణిగారు గానీ, భోజనాల బంతిలోంచి మాత్రం ఎవరూ లేపలేదు. ఆ ఏడు అక్క, "నా పేరున్న భూమి నేనే విత్తుతా," అంది.

మాకు విత్తనాల పండగ ఉంది. మగవాళ్ళు వేటకి పోతారు. ఆడవాళ్ళం రోడ్డుకి అడ్డంగా తాడు పట్టి పాటలు పాడతాం. బస్సయినా జీపయినా ఆగి, చేతికొచ్చింది ఇచ్చి, నవ్వుతూ పోవాల్సిందే. ఆ రోజు ఎవరికీ కోపం రాకూడదు. ఆ రైతు ట్రాక్టరు వచ్చింది. తాడు కొస అక్క ముంజేతికి చుట్టుకుని ఉంది. "ఇచ్చి పో బావా!" అని పిల్లలం అరిచాం. అతను ఆపలేదు. తాడు చక్రానికి చుట్టుకుని అక్కని కంకర మీద ఈడ్చుకుపోయింది. మోచేతి ఎముక తోలు చీల్చుకుని బయటికొచ్చింది, తెల్లగా. ట్రాక్టరు తొట్టిలోంచి దూకిన మనుషులు అక్కతో ఉంటున్న ఆమెని గొడ్డలి కామలతో కొట్టారు. "నువ్వేనటగా దాని మొగుడివి? లే, మొగుడా!" అంటూ నోటి మీదే కొట్టారు. పళ్ళు ఆమె ఒళ్ళోనే రాలాయి. గుడిసెకి నిప్పంటించారు. లోపల విత్తనాల బుట్ట, కట్టేసిన మేకపిల్ల. దాని అరుపు ఎంతసేపటికీ ఆగలేదు. చేతికి చీము పట్టి, వానలు తగ్గకముందే అక్క చనిపోయింది.

అంకుల్ చెయ్యి కంచంలో ఎండిపోయింది.

"ఏమ్మా, మా తాతని హంతకుడంటున్నావా నువ్వు?" పిన్నిగారూ పోయింది, అండీ పోయింది.

"మీ తాతని నేననలేదు బాబూ. మనిషన్నవాడు లేడన్నారు కదా, ఉన్నామంటున్నాను."

"ట్రాక్టరుకి అడ్డం పడితే గుద్దక, ముద్దు పెట్టుకుంటారా?" అని లేచాడు. చెయ్యి కడుక్కోవడానికి పోతూ పడకగదిలోకి తొంగి చూశాడు. ఒకటే మంచం. కూతురి వైపు తిరిగాడు. "ఓహో, మీ పెద్దమ్మ టైపేనన్నమాట. అగ్రిమెంటూ లేదు, ఏమీ లేదు. నెలాఖరుకి ఖాళీ చెయ్యండి."

"అంకుల్, ప్లీజ్..." అంటోంది నా కూతురు. అది అతన్ని బతిమాలుతుంటే చూడలేకపోయాను. వంటింటి వెనక బట్టల తాడు విప్పుకొచ్చి, ఒక కొస గుమ్మం ఇనపగేటుకి ముడేసి, రెండో కొస పట్టుకుని అడ్డంగా నిలబడ్డాను.

"మా పండగలో ఏదో ఒకటి ఇచ్చి పోవాలి బాబూ. డబ్బులొద్దు. 'మీరున్నారు' అని ఒక్క మాటనండి, చాలు."

"పిచ్చా నీకు? తప్పుకో!"

తాడు పట్టి గుంజాడు. నైలాను తాడు అరచేతిని కోసేసింది. పిడికిట్లోంచి రక్తం గచ్చు మీద కారింది. వదల్లేదు. నా మాట కూతురు ఇంగ్లీషులో చెప్పేసరికి, ఆ అమ్మాయి పరుగున వచ్చి నా చేతి పక్కనే పట్టుకుంది. అతను మోచేత్తో ఆ పిల్ల నోటి మీద పొడిచాడు. పెదవి చిట్లింది. ఎర్రబడ్డ పళ్ళతోనే, "సే ఇట్ లా, అంకుల్. వెరీ ఈజీ వాట్," అంది, ఆ ఒక్క మాట అనెయ్యమని, అదెంత తేలికని.

నా కూతురు కూడా వచ్చి తాడు పట్టింది. ఎదురింటి చైనా ఆంటీ తలుపు తీసి, ఫోను పైకెత్తి నిలబడింది. ఫోను చూశాక అంకుల్ చెయ్యి దిగింది. ఆ మాట మాత్రం రాలేదు. బొజ్జ పట్టుకుని వంగి, తాడు కింద నుంచి దూరి, బూట్లు చేత్తో పట్టుకుని లిఫ్టు వైపు పోయాడు.

"అమ్మా, ఇల్లు పోయింది," అంది కూతురు. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

"పోయింది. కూర మిగిలింది. కూర్చోండి," అన్నాను.

ఇప్పుడు వుడ్‌ల్యాండ్స్‌లో ఉంటున్నాం. ఈసారి పిల్లలిద్దరూ తామెవరో ముందే చెప్పి అడిగారు. చాలామంది కాదన్నాక ఒకావిడ సరేనంది. గది చిన్నది, గాలి బాగా వస్తుంది. బట్టలు ఆ తాడు మీదే ఆరేస్తున్నాను. ఒకచోట ముదురు మరక ఉంది, ఎంత రుద్దినా పోలేదు. అక్కడ తెల్లబట్టలు వెయ్యను.