ఉప్పు లేని తడి

బీచ్ ఎదుటి హోటల్లో బట్టలుతికే గదికి ఆమే పెద్ద. పంతొమ్మిదేళ్లుగా అదే పని. దుప్పటి చేతికందితే చాలు, దాని మీద పడుకున్నవాళ్లు సముద్రంలో దిగారా, ఒడ్డునే కూర్చున్నారా, కిటికీ మూసి దొంగచాటుగా సిగరెట్ కాల్చారా అన్నది ఇట్టే చెప్పేసేది. తోటివాళ్లు ఆమెకు ‘పోలీసమ్మ’ అని పేరు పెట్టారు. మొహం మీదే పిలిచినా ఏమీ అనుకునేది కాదు. లోలోపల కాస్త గర్వం కూడా.

అలాంటి మనిషికి, సీజన్ మొదలవడానికి ఇంకో నెల ఉందనగా, సొంత మొగుడి నిక్కరు దగ్గర అనుమానం వచ్చింది.

ఆయన ఇరవై ఆరేళ్లుగా బీచ్‌లో లైఫ్‌గార్డు. జనం రాని నెలల్లోనూ పొద్దున్నే సముద్రంలో ఈదివస్తాడు. ఆరిన నిక్కరు మీద తెల్లటి ఉప్పు చారలుండాలి, జేబు మూలల్లో ఇసుక ఉండాలి. ఆ రోజు రెండూ లేవు. వాసన చూసింది. ఈతకొలనులో కలిపే మందు వాసన.

“సముద్రం ఎలా ఉంది ఇవాళ?” టీ అందిస్తూ అడిగింది.

“అలలు కాస్త పెద్దవే,” అన్నాడు, కప్పులోకి చూస్తూ.

నాలుగో రోజు ఆయన సంచిలో నీలం అంచు తువ్వాలు దొరికింది. ఆ ఊళ్లో ఏ హోటల్ తువ్వాలు అంచు దానిదే. నీలం అంచు రోడ్డు చివరి పెద్ద హోటల్‌ది. అది మరమ్మతులకని మూసేసి రెండు నెలలైంది. మూసిన హోటల్లో ఈయనకేం పని? అక్కడ మసాజ్ చేసే ఆవిడ మాత్రం వెనక గదుల్లో ఒక్కతే ఉంటోందని అందరికీ తెలుసు.

విషయం ఆడపడుచు చెవిన వేసింది. “మా అన్నయ్య అలాంటివాడు కాదు వదినా,” అంది ఆవిడ. కానీ అనడానికి ముందు కాస్త ఆగింది. ఆ ఆగడం ఆమెను రెండు రోజులు తినేసింది.

ఇక చూసినదంతా సాక్ష్యమే. అన్నం సగంలో వదిలేస్తున్నాడంటే మనసు ఇక్కడ లేదన్నమాట. మెట్ల మలుపులో ఆగి సముద్రం చూస్తున్నాడంటే ఎవరినో తలచుకుంటున్నాడన్నమాట. పడుకుని గుండె మీద చెయ్యి వేసుకుంటే చెప్పేదేముంది!

ఒకరోజు పొద్దుటి డ్యూటీ మార్చుకుని, తలకు గుడ్డ చుట్టుకుని ఆయన వెనకాలే వెళ్లింది. మూసిన హోటల్‌కి సామాను బళ్లు వచ్చే వెనక గేటు తీసే ఉంది. గోడ పక్క నుంచి తొంగిచూసింది.

మసాజ్ ఆవిడ లేదు. ఈతకొలను గట్టున దాని కాపలాదారు, మొగుడి పాత స్నేహితుడు, చేతిలో గడియారంతో కూర్చున్నాడు. నీళ్లలో ఆమె మొగుడు. రెండో చుట్టు సగంలో ఆగిపోయి గట్టు పట్టుకున్నాడు, ఈత రాని యాత్రికుడిలా. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

కాపలాదారు ఆమెను చూసి గబగబా లేచి వచ్చాడు. “నేను చెప్పానని అనకు వదినా,” అంటూ గొంతు తగ్గించి అంతా చెప్పేశాడు. పోయిన సీజన్లో ఒకతన్ని కాపాడబోయి మధ్యలో ఊపిరి ఆడక తనే మునగబోయాడట. తోటి గార్డు ఇద్దరినీ లాగాడట. ఒకటో తారీఖున పరీక్ష, నాలుగు వందల మీటర్లు ఆగకుండా ఈదాలి. లేకపోతే ఉద్యోగం లేదు. అందుకే ఎవరి కంటా పడకుండా ఇక్కడ ఈ సాధన.

ఆమె ప్రాణం కుదుటపడింది. కానీ అది ఒక్క క్షణమే. సగం అన్నం, మెట్ల మలుపు, గుండె మీద చెయ్యి... పోగేసుకున్న సాక్ష్యాలన్నీ ఒక్కసారిగా వేరే వైపు తిరిగాయి. వెళ్లి గట్టున కూర్చుంది.

“ఎన్నాళ్లనుంచి?”

“ఏది?” అన్నాడు, దొరికిపోయిన మొహంతో.

“ఆయాసం.”

“వయసు కదే...”

“వయసు నాకూ వచ్చింది. రోజూ తడి దుప్పట్లు మోస్తున్నా. లేవండి, ఆసుపత్రికి పోదాం.”

గుండెలో కవాటం సన్నబడిందని తేల్చారు. ఇంకో నెల అలా ఈది ఉంటే నీళ్లలోనే ప్రాణం పోయేదని డాక్టరు ఆమెను బయటికి పిలిచి చెప్పాడు. ఆపరేషన్ అయ్యాక మసాజ్ ఆవిడతో కలిపి అనుమానపడ్డ సంగతి ఆమె తనే ఒప్పుకుంది. ఆయనకు నవ్వాగలేదు. కుట్లు పట్టుకుని, “నాకంత సీనుందనుకున్నావా?” అన్నాడు.

ఆమె నవ్వలేదు. “నాతో ఎందుకు చెప్పలేదు?”

కుట్ల మీద దుప్పటి సర్దుకున్నాడు. “ఇంక ఒడ్డున కూర్చోమంటావని.”

చివరికి ఒడ్డునే కూర్చోబెట్టారు, మైకు ఇచ్చి. లోతుకు పోయేవాళ్లను వెనక్కి పిలవడం ఆయన పని. మొదటి వారం చిన్నతనంగా ఉందన్నాడు, తర్వాత హుషారెక్కి మాటలకు యాస కూడా కలిపాడు. ఉతికే గది కిటికీ దాకా ఆ గొంతు వినబడుతుంది.

ఒక మధ్యాహ్నం, “ఎర్ర టోపీ వేసుకున్న అయ్యగారూ, దయచేసి...” అన్న మాట మధ్యలో తెగిపోయింది. ఆమె చేతిలో దుప్పటి పడేసి, చెప్పులు కూడా వేసుకోకుండా వేడి ఇసుకలో పరిగెత్తింది. ఆయన కుర్చీలో కూర్చుని సమోసా నములుతున్నాడు. ఆమె అరికాళ్లు చూసి, పక్కకు జరిగి, కుర్చీలో సగం చోటిచ్చాడు.