బీరువాలో నా ఒరిజినల్స్

ఆ గురువారం సాయంత్రం డైరెక్టర్ గదిలో ఉన్నవి: ఒక బల్ల, తిరిగే కుర్చీలో డైరెక్టర్, ఆయన వెనక ఇనుప బీరువా, బల్లకు ఇవతల నేను, సెలవు అడగడానికి వచ్చి తలుపు దగ్గరే ఆగిపోయిన, డేటాబేస్ పాఠాలు చెప్పే మేడం. బీరువా లోపల నా పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, బీటెక్ పట్టా.

దిల్‌సుఖ్‌నగర్‌లోని మా కోచింగ్ సెంటర్‌లో పాఠం చెప్పాలంటే చేరిన రోజే ఒరిజినల్స్ అప్పజెప్పాలి. మధ్యలో వదిలిపోకుండా అది పూచీ. అందరూ ఇచ్చారు, నేనూ ఇచ్చాను. చేతిలో బ్యాచ్ లేనప్పుడే వాటిని తిరిగి ఇస్తారు. నా జావా బ్యాచ్ ఆ రోజే ముగిసింది. కొత్త బ్యాచ్‌లో చేరేవాళ్లకు డెమో క్లాసు మర్నాడు పొద్దున.

శనివారం నేను ఒక కంపెనీకి ఒరిజినల్స్ చూపించాలి. చూపిస్తే ఉద్యోగం, లేకపోతే లేదు. జిరాక్సులు పనికిరావన్నారు. పండ్ల మార్కెట్ గడ్డిఅన్నారం నుంచి వెళ్లిపోయాక మా నాన్నకు హమాలీ పని సరిగా దొరకడం లేదు. మీర్‌పేట్‌లో ఇంటి కిరాయి నా జీతంలోంచే పోవాలి. ఆ జీతం చేరిన నాటి నుంచి పెరగలేదు.

"సార్, ఒక్క పూట ఇయ్యుండ్రి. చూపించి మళ్ల తెచ్చిస్త."

"ఇస్తే మళ్ల ఒస్తవా? నీ జాగల నేనుంటే రాను" అని నవ్వాడు డైరెక్టర్. "రేపటి డెమో నీ పేరు మీదనే పాంప్లెట్ కొట్టిచ్చిన. ఎవ్వరు చేరకపోతే సాయంత్రమే పట్కపో. చేరిన్రా, బ్యాచ్ అయ్యేదాంక కదలకు."

"కాళ్లు మొక్కుత సార్."

"కాళ్లెందుకు బై, క్లాస్ జెప్పు."

బయటికి వచ్చాక మేడం మెల్లగా అంది. ఆమెది గుంటూరు వైపు. "విన్నావుగా తమ్ముడూ, దారి ఆయనే చెప్పాడు. ఎవరూ చేరకుండా చెయ్యి. నాకెప్పుడూ ఆ ధైర్యం లేకపోయింది. నావి ఇంకా లోపలే ఉన్నాయి."

రాత్రంతా పాఠాన్ని ఎలా చెడగొట్టాలో ఆలోచించాను. తప్పు పాఠం చెప్పడానికి మనసొప్పలేదు. నిజం చెబితే చాలనిపించింది.

శుక్రవారం హాలు నిండింది. ప్రొజెక్టర్ వేయలేదు. "ఈ కోర్స్ చేస్తే జాబ్ ఒస్తదని ఎవరన్న అంటే నమ్మకుండ్రి" అన్నాను. "గ్యారంటీ అని గోడ మీద రాసింది పెయింటర్, నేను కాదు. నా జీతం మీ హాస్టల్ ఫీజు కన్న జరంత ఎక్కువ, అంతే. ఇంట్ల కూసొని సొంతంగ నేర్చుకున్నా ఇదే ఒస్తది."

వెనక బెంచీ నుంచి ఒకడు లేచాడు. "సార్, మీరే బయటపడలే, మమ్మల్నేం బయటపడేస్తరు?"

హాలంతా గొల్లున నవ్వింది. పని అయిపోయిందనుకుని నేరుగా డైరెక్టర్ గదికి వెళ్లాను. ఆయన అక్కడ లేడు. కింద ఫీజు కౌంటర్ దగ్గర ఉన్నాడు. కౌంటర్ ముందు వరస ఉంది. కూతురిని వెంటబెట్టుకొచ్చిన ఒక పెద్దమనిషి నన్ను చూపించి పక్కనున్నాయనతో అంటున్నాడు:

"ఎల్‌బీ నగర్ కాడికెళ్లి ఇక్కడిదాంక అన్ని సెంటర్లు తిరిగినం. అందరు గ్యారంటీ అన్నోళ్లే. గీ సార్ ఒక్కడే నిజం జెప్పిండు. మా బిడ్డను ఈయన దగ్గర్నే ఏస్త."

డైరెక్టర్ నా భుజం తట్టాడు. "ఏం మార్కెటింగ్ రా బై! నేను పరేషాన్ అయిన, పిచ్చిలేసిందేమో అనుకున్న. ఇగ ప్రతి డెమోల గిట్లనే చెప్పు."

"సార్, నా ఒరిజినల్స్..."

"బ్యాచ్ అయిపోనీ."

మేడం మెట్ల దగ్గర నిలబడి ఉంది. నా వైపు చూడలేదు.

శనివారం ఆ కంపెనీకి ఫోన్ చేసి రాలేనని చెప్పాను. అవతలి అమ్మాయి కారణం అడగలేదు. సోమవారం మొదటి క్లాసుకు వచ్చినవాళ్లు నలభై ఆరు మంది.