కుడి అంచున నిలబడినామె

1955లో కర్నూలు రాజధాని. గుడారాల్లో ప్రభుత్వ కచేరీలు, వీధినిండా కొత్త ముఖాలు, మా స్టూడియోలకు చేతినిండా పని. నెలకో ఆదివారం మధ్యాహ్నం కొందరు ఫోటోగ్రాఫర్లం రంగప్ప స్టూడియోలో కలిసేవాళ్లం. తలా ఒక నలుపు తెలుపు ప్రింటు తీగకు తగిలించి బాగోగులు చెప్పుకునేవాళ్లం. చెప్పుకోవడం పేరుకే. రంగప్ప చెప్పేవాడు, మిగతావాళ్లు తలలూపేవాళ్లు. మద్రాసులో పని నేర్చుకున్నవాడని ఆయన మాటకు ఎదురుండేది కాదు.

ఒక ఆదివారం కోయిలకుంట్ల నుంచి దస్తగిరి ఒక ప్రింటు తెచ్చాడు. ఓబుల్‌రెడ్డి అనే రైతు కుటుంబం ఇంటి ముందు బెంచీ మీద బిగుసుకుని కూర్చుంది. కుడి అంచున ఒక ముసలామె, కొసన కూర్చున్న మనవడి వైపు కొంగు చివర చాచి నిలబడి ఉంది. చెయ్యి కదిలి మసకగా పడింది. ముఖం మాత్రం ముడతలతో సహా స్పష్టంగా ఉంది.

“ఆమె ఓబుల్‌రెడ్డి వాళ్లమ్మ,” అన్నాడు దస్తగిరి. “ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతాదని యాపొద్దూ కూచోలేదంట. ఆపొద్దూ రానంటే రాననింది. నేను క్యాప్ తీసినాక పిల్లోని ముక్కు కారేది చూసి, తుడవాలని వచ్చేసింది. ఫోటోలో పడినట్టు ఆమెకూ తెలీదు, ఇంట్లోవాళ్లకూ తెలీదు.”

క్యాప్ అంటే లెన్సు మూత. అది తీస్తే లోపలి గాజు ప్లేటు మీద వెలుతురు పడుతుంది. ఆ ప్లేటే నెగటివ్.

రంగప్ప కత్తెర అందుకున్నాడు. “అంచున ఇట్లాంటిది ఉంటే కన్ను ఆడికే పోతాది. క్రాప్ చెయ్యి.” అక్కర్లేని అంచును తీసెయ్యడాన్ని క్రాప్ అంటాం.

“కన్ను ఆడికే పోవాలప్పా,” అన్నాను. “దీంట్లో బతికుండేది ఆమె ఒక్కతే. తక్కినోళ్లంతా కొయ్యబారి కూచున్నారు. పైగా ఆమెది ఇంకో ఫోటో లేదు గదా. వాళ్లకు ఇట్లనే ఇయ్యనీ.”

“అది ఇంటోళ్ల సంగతి. మనం చూడాల్సింది బొమ్మ.” కత్తెర ఆడింది, ముసలామె చెత్తబుట్టలో పడింది. అందరూ తలలూపారు. దస్తగిరి కూడా. నాకు ఒళ్లు మండింది.

దస్తగిరి ముసలామె లేకుండానే ప్రింటు వేసి, పటం కట్టి ఓబుల్‌రెడ్డికి ఇచ్చాడు. గాజు దొరకడం కష్టమని, పని అయిపోయిన ప్లేట్లను సోడా వేసిన వేణ్ణీళ్లలో కడిగి బొమ్మ పోగొట్టి, ఆ అద్దాన్నే పటాలకు వేసేవాళ్లం. చిన్న స్టూడియోలన్నిటా ఆ అలవాటు ఉండేది.

మరుసటి వేసవిలో ముసలామె పోయింది. ఆ తర్వాతి ఆదివారం దస్తగిరి ఓబుల్‌రెడ్డిని వెంటబెట్టుకుని వచ్చాడు. జరిగింది తనంతట తాను చెప్పడానికి నోరు రాలేదు అతనికి. రెడ్డి చేతిలో తువ్వాలులో చుట్టిన పటం.

“ఆపొద్దు మా యమ్మ అడ్డమొచ్చినాది సామీ. ఏమన్నా పడిందేమో అని వచ్చినా. పిల్లోళ్లు అవ్వ యాడ, అవ్వ యాడ అని పటం కాడనే నిలబడతాండారు.”

“లేదప్పా. పడలేదు,” అన్నాడు రంగప్ప, రెప్ప వాల్చకుండా.

నేను ఊరుకోలేకపోయాను. “పడినాదప్పా. శానా బాగా పడినాది. ఈడ కూచోనే కోసి పారేసినారు.”

రెడ్డి కోప్పడలేదు. “అద్దం మీద ఉంటాదంట గదా? దాంట్లోంచి ఇంకోటి తీయలేరా?”

దస్తగిరి పటం వైపు చెయ్యి చూపాడు. “ఆ అద్దమే నీ పటానికి ఏసినా అన్నా. కడిగి ఏసినా.”

రెడ్డి పటాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి, అటూ ఇటూ వంచి చాలాసేపు చూశాడు. తర్వాత వెనక మేకులు వంచి అద్దం ఒక్కటే బయటికి తీసి తువ్వాలులో చుట్టుకున్నాడు. ఫోటోనూ చట్రాన్నీ బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయాడు.

రంగప్ప ఆ ఫోటో చేతికి తీసుకున్నాడు. “కంపోజిషన్ మాత్రం కుదిరింది,” అన్నాడు. ఫోటోలో ఎవరు ఎక్కడుండాలన్న పొందికను కంపోజిషన్ అంటారు. ఆ తర్వాత నేను ఆ గడప తొక్కలేదు. దస్తగిరి మళ్లీ ఎవరికీ ప్రింటు చూపించలేదు.

ఇప్పటికీ తోటివాళ్లు ఫోటోలు తెచ్చి ఎలా ఉందో చెప్పమంటారు. వెలుగునీడలు, ఫోకస్ తర్వాత చూస్తాను. ఇది ఎవరి కోసం తీశావని ముందు అడుగుతాను. అడిగినప్పుడల్లా ఉత్త అద్దాన్ని గుండెకు పొదువుకుని మెట్లు దిగిన ఆ మనిషి గుర్తొస్తాడు. రంగప్ప మీద నా కోపం ఇన్నేళ్లయినా తగ్గలేదు. తగ్గించుకోవాలనీ లేదు.