మెత్తమొన తూటా

తాతయ్య నన్ను మొదటిసారి "అయ్యా" అని పిలిచింది మిరపకోతల రోజుల్లో. అమ్మా నాన్నా పొద్దున్నే కూలీలతో పాటు చేలోకి వెళ్లిపోయేవాళ్లు. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్నది నేనే కాబట్టి తాతయ్యకి కాపలా నేనే. అప్పటికే ఆయనకి మతిమరుపు బాగా ముదిరింది. కన్నకొడుకుని పట్టుకుని "ఎవరబ్బాయివి?" అని అడిగేవాడు. అమ్మని తన చెల్లెలనుకునేవాడు. నన్ను మాత్రం మర్చిపోలేదు. నలుగురిలో నోరు పెగలని దాన్ని, ఆయన దగ్గరైతే వాగుతూనే ఉండేదాన్ని. అందర్నీ మర్చిపోయినా నేను మాత్రం ఆయనకి మిగులుతాననుకున్నాను.

ఆ రోజు మంచం పక్కన కుర్చీ వేసుకుని, కళ్లజోడు పెట్టుకుని నవల చదువుకుంటున్నాను. తాతయ్య కళ్లు తెరిచి నన్ను చూశాడు. గబగబా దుప్పటి తోసేసి లేచి నిలబడబోయాడు.

"ఏం కావాలి తాతయ్యా?"

ఆయన తల వంచుకుని చేతులు కట్టుకున్నాడు. "ఏ తూటా పెట్టమంటారయ్యా? మెత్తమొనదా, గట్టిమొనదా?"

సాయంత్రం నాన్నకి చెబితే అసలు సంగతి చెప్పాడు. తాతయ్య కుర్రతనంలో దర్శి దగ్గర ఒక మోతుబరి ఇంట్లో పాలేరట. జింకల వేటకి అప్పట్లో ఇంత కట్టడి లేదు. ఆ మోతుబరి రైఫిల్ తీసుకుని పడమటి కొండలకి వెళుతుంటే తూటాల సంచి మోసుకుంటూ తాతయ్య వెనక నడిచేవాడట.

"ఆ పెద్దాయనకి కళ్లజోడుండేది. మా నాన్న ముందర కుర్చీలో కూర్చునేది ఆయనొక్కడే మరి," అన్నాడు నాన్న.

మర్నాడు కళ్లజోడు తీసేసి, కుర్చీ అవతల పెట్టి కింద చాప మీద కూర్చున్నాను. తాతయ్య హడలిపోయాడు. "మీరు కింద కూర్చున్నారేంటయ్యా!" అంటూ నాకంటే కిందకి దిగడానికి మంచం మీంచి జారిపోతున్నాడు. పట్టుకుని పడుకోబెట్టి, మళ్లీ కుర్చీలోనే కూర్చున్నాను.

"ఏది పెట్టమంటారయ్యా?"

ఏదో ఒకటి చెబితే ఊరుకుంటాడని "గట్టిది," అన్నాను.

ఆయన చెయ్యి గబుక్కున ఎడమ చెవి మీదకి వెళ్లింది. "కొట్టబాకండయ్యా. చెప్తాను వినండి. గట్టిమొనది ఈ పక్క దూరి ఆ పక్క పోద్ది. జింక పడదు, పరిగెత్తుద్ది. ఏ పొదల్లోనో పడి తెల్లార్లూ కొట్టుకుంటది. మెత్తమొనదైతే లోపలే విచ్చుకుంటది, ఉన్నచోటే ఒరిగిపోద్ది. పందికైతే గట్టిదే ఇస్తాను. జింకకి వద్దయ్యా, పాపం."

ఆ ఎడమ చెవి ఆయనకి వినపడదు. చిన్నప్పుడు జ్వరం వచ్చి వినికిడి పోయిందని మాకు చెప్పేవాడు.

"సరే, మెత్తదే పెట్టు," అన్నాను.

దుప్పటి మడతల్లో వెతికి, నా అరచేతిలో లేని తూటాని జాగ్రత్తగా పెట్టాడు. "మొన చూసుకోండయ్యా." చూసినట్టు చూసి పిడికిలి మూశాను.

అది మొదలు రోజూ ఇదే వరస. నేను మెత్తదని చెప్పేదాన్ని, ఆయన మొహం తేటపడేది. కానీ నా ముందు కూర్చోడు. లేచి నిలబడితే పడిపోతాడని, తుంటి విరిగితే ఇక లేవడని ఒంగోలు డాక్టరు గట్టిగా చెప్పాడు. అన్నం కలుపుకొచ్చి బతిమాలేదాన్ని.

"కూర్చో తాతయ్యా."

"మీ ముందరా? అమ్మో."

"కూర్చోండి, మీకు దణ్ణం పెడతా."

ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "నన్ను అండీ అంటారేంటయ్యా? నేనేం తప్పు చేశాను?"

నిలబడే ఉన్నాడు, మంచం కోడు పట్టుకుని ఒరిగిపోతున్నాడు. ఇంకేం తోచలేదు. "కూర్చోరా!" అన్నాను.

వెంటనే కూర్చున్నాడు.

"తినరా." నోరు తెరిచాడు. నా మొహం చూడకుండా, కళ్లు దించుకుని, పెట్టిన ప్రతి ముద్దా తిన్నాడు.

సరిగ్గా అప్పుడే అమ్మ చేలోంచి వచ్చింది. "ఏమే! తాతయ్యని రా అంటావా? ఇదా నువ్వు చదివిన చదువు?" అంటూ చెయ్యెత్తింది.

నేను నోరు తెరిచేలోపే తాతయ్య అన్నాడు. "అయ్యగార్ని ఏమనబాకమ్మా. మారాజు, తిండి పెడతన్నాడు."

అమ్మ ఎత్తిన చెయ్యి దించేసింది. మిరపకాయలు కోసిన చేతులతోనే కళ్లు తుడుచుకుని, ఆ మంటకి పెరట్లోకి పరిగెత్తింది.

కోతలు చివరికొచ్చాయి. ఒక మధ్యాహ్నం తాతయ్య తూటా ఊసెత్తలేదు. తలుపు వంకే చూస్తున్నాడు.

"అయ్యా, ఇయ్యాల తొందరగా ఇంటికి పోతాను."

"ఎందుకురా?"

"మనవరాలు బళ్లోంచి వచ్చే ఏళయింది. నేను కనపడకపోతే అన్నం ముట్టదు. ఎవురితోనూ మాట్టాడదయ్యా అది. నాతోనే."

నేను కుర్చీలోంచి దిగిపోయాను. కళ్లజోడు తీసేసి ఆయన మొహం రెండు చేతుల్లోకి తీసుకున్నాను. "నేనే తాతయ్యా. వచ్చేశాను. చూడు."

చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ చూపులో నేనెక్కడైనా తగులుతానేమోనని వెతుక్కున్నాను. చివరికి, పెద్దవాళ్లు పరాచికమాడితే పనివాళ్లు నవ్వేలాంటి నవ్వొకటి నవ్వాడు. "ఊరుకోండయ్యా."

చేతులు కట్టుకుని, సెలవు కోసం తల వంచుకుని కూర్చున్నాడు. నేను ఏదో ఒకటి అనేదాకా అలాగే ఉంటాడు.

"వెళ్లరా," అన్నాను. "పిల్ల ఎదురుచూస్తుంటుంది."

"వస్తానయ్యా," అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇంటికి పోతున్నవాడిలా దుప్పటి కింద పాదాలు కాసేపు కదిలాయి. ఆ తర్వాత ఉన్నన్నాళ్లూ తాతయ్య ఎవరితోనూ మాట్లాడలేదు.