అవ్వ నంబరు

నిజామాబాద్ గంజ్ దగ్గర గడియారాల దుకాణం మీది గదిలో ఆదివారాలు మా వినియోగదారుల సంఘం కూర్చుంటుంది. దుకాణం భాయ్ మా దగ్గర కిరాయి తీసుకోడు. మా కోసం వచ్చేవాళ్ళు ఆయన మెట్ల మీద చెప్పులు విడిస్తే మాత్రం సణుగుతాడు. ఎక్కువగా ఫోన్ల ఫిర్యాదులే వస్తాయి. పూటకో ప్లాను మార్చే కంపెనీల మీద నాకు ఎంత కోపమో, కొత్త ఆఫరు కనబడగానే సిమ్ మార్చేసే మనుషుల మీద అంతే చిరాకు. ఆ చిరాకు దాచుకోవడం నాకు చేతకాదు.

ఒక ఆదివారం రుద్రూర్ అవతలి ఊరి నుంచి ఒక అవ్వ వచ్చింది. చేతిసంచిలోంచి బటన్ల ఫోను తీసి బల్ల మీద పెట్టింది.

"మోగుతలేదు బిడ్డా. ఖరాబైందేమో సూడు. రోజు చార్జింగు పెడుతనే ఉన్న."

ఫోనుకు ఏమీ కాలేదు. లోపల సిమ్ చచ్చిపోయింది. అదే చెప్పి, కొత్తది తీసుకుంటే సరిపోతుందన్నాను. ఆమె లేవలేదు.

"కొత్తది నాకెందుకు? నా నంబరు నాకు ఇప్పియ్యి. నేనే దాసిపెట్టిన అంటున్నరు."

ఏం దాచిందని అంటున్నారో తెలుసుకోవడానికి కొంత సేపు పట్టింది. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక వాళ్ళ ఊరి చెరకు దూరపు ఫ్యాక్టరీకి పోతోంది. ఎవరి చెరకు ఎప్పుడు కొట్టాలో ఫోనుకు మెసేజ్ వస్తుంది, దాన్నే ఆర్డరు అంటారు. వాడలో మగవాళ్ళ నంబర్లు ఆఫర్లతో పాటే మారిపోతుంటాయి. ఎన్నేళ్ళయినా నంబరు మార్చనిది అవ్వ ఒక్కతే. అందుకని పక్క ఇళ్ళ వాళ్ళంతా ఫ్యాక్టరీలో ఆమె నంబరే రాయించారు. ఆమెకు సొంత చెరకు లేదు, ఉన్న కాస్త పొలం కౌలుకిచ్చింది. అయినా సీజను మొదలైతే పొద్దున్నే అందరూ ఆమె అరుగు మీదికి చేరి, "అవ్వా, ఆర్డరొచ్చిందా?" అని అడిగేవాళ్ళు. చదువు రాదు కాబట్టి ఆమె ఫోను వాళ్ళ చేతికే ఇచ్చేది. చాయ్ కూడా పోసేది.

ఈసారి మెసేజ్ రాలేదు. పక్కింటాయన వంతు వచ్చి దాటిపోయింది. కోత కూలీలు వేరే ఊరికి వెళ్ళిపోయారు, చెరకు చేనులోనే ఎండుతోంది. కావాలనే చెప్పలేదని ఆయన వాడంతా చెప్పుకుంటున్నాడు. ఆమెతో మాట మానేశాడు.

జరిగింది ఇంతే. ఆ సిమ్ అమ్మిన రోజు వచ్చే ఫోన్లకు జిందగీభర్ పైసలక్కర్లేదని ఆమెకు చెప్పారు. తర్వాత పద్ధతి మారింది, రీచార్జి చేయకపోతే నంబరే పోతుంది. ఆ సంగతి హెచ్చరిస్తూ ఎండాకాలంలో మెసేజులు వచ్చే ఉంటాయి, ఇంగ్లిషులో. సీజను లేనప్పుడు వచ్చేవన్నీ కంపెనీ ప్రకటనలేనని, వాటిని చూపించడానికి తిరగొద్దని ఆమెకు చెప్పింది ఆ పక్కింటాయనే. ఆమె ఆ మాట విన్నది.

మర్నాడు ఆమెను కంపెనీ ఆఫీసుకు తీసుకుపోయాను. ఆ నంబరు ఇప్పుడు వేరేవాళ్ళ పేరు మీద ఉందని కౌంటరులో అమ్మాయి మర్యాదగానే చెప్పింది. చదువు రాని మనిషికి ఇంగ్లిషులో హెచ్చరిక పంపి చేతులు దులుపుకుంటారా అని గొంతు పెంచాను. రూల్ అంతే మేడమ్ అంది.

బయటికొచ్చి ఆ నంబరుకు నేనే ఫోన్ చేశాను. బోధన్‌లో చాయ్ హోటలాయన ఎత్తాడు. మాటలో మరాఠీ యాస ఉంది.

"ఎవలో చెరుకు కొట్టుమని మెసేజులు పంపుతున్నరు. నాకు పొయ్యి తప్ప చేనే లేదు మేడమ్. రోజు తీసేస్తున్న."

నంబరు తిరిగి ఇవ్వగలరా అని అడిగాను. బ్యాంకులో, గ్యాసుకు అదే ఇచ్చానని, తాను కూడా దుకాణంలో కొనుక్కున్నదేనని అన్నాడు. ఆయన మీద కోప్పడటానికి నాకేమీ దొరకలేదు.

పై అధికారులకు ఫిర్యాదు రాశాం. ఈలోగా నేను ఆ ఊరికి వెళ్ళి, అవ్వ అరుగు మీదే నిలబడి అందరికీ విడమరిచి చెప్పాను. నెలకో నంబరు మార్చే మీరు మీ ఆర్డరు భారమంతా ముసలామె మీద పెట్టి, పైగా నింద వేస్తారా అని గట్టిగానే అడిగాను. పక్కింటాయన తల దించుకున్నాడు.

"తప్పయింది అవ్వా. ఇగ నీకెందుకు తక్లీఫు? ఎవల నంబరు వాళ్ళమే ఇచ్చుకుంటం."

ఆ వారంలోనే అందరూ ఫ్యాక్టరీలో సొంత నంబర్లు రాయించుకున్నారు. ఆయన చెరకు కూడా ఆలస్యంగానైనా లారీ ఎక్కింది. కంపెనీ అవ్వకు కొత్త సిమ్, కొన్ని నెలల ఉచిత రీచార్జి ఇచ్చి, సమస్య పరిష్కారమైందని మాకు జవాబు పంపింది. మేమూ ఆ ఫిర్యాదును గెలిచిన వాటిలోనే రాసుకున్నాం. నాకు సంతోషంగానే ఉండింది.

సీజను మంచి ఊపులో ఉండగా ఒక పొద్దున ఆమెకు ఫోన్ చేశాను. మొదటి రింగు పూర్తికాకుండానే ఎత్తింది. అరుగు మీద ఎవరున్నారని అడిగాను. ఎవరూ లేరంది.

"ఫోను మంచిగ మోగుతున్నదా అవ్వా?"

"మోగుతది బిడ్డా," అంది. "నువ్వు చేస్తే."