మెట్ల అక్షరాలు

ముందే ఒప్పేసుకుంటున్నా. నేను పెంచి చెప్తా. మా ఆవిడైతే నా మాటని సగానికి మడిచి, ఆ సగాన్ని మళ్ళీ మడిచి వింటుంది. మీరూ అలాగే వినండి.

తొంభైల చివర్లో జగ్గయ్యపేటలో బోర్డులు రాసి బతికేవాణ్ణి. చిల్లకల్లు నుంచి నందిగామ దాకా రోడ్డు పక్కన ఏ గోడ చూసినా నా చేతి రాతే. అప్పుడే బస్టాండు దగ్గర కంప్యూటర్ శిక్షణా కేంద్రం పెట్టారు. ఇక బ్రష్షుల పని అయిపోయిందని ఊరంతా ఒకటే మాట. ఆ కంప్యూటర్ వాళ్ళ బోర్డే నేను రాసి చూపిస్తే నా పని నిలబడుతుందని ఆశ.

దాని ఓనరు ఒక ప్రింటు కాయితం చేతిలో పెట్టాడు. "పెయింటరు గారూ, అచ్చం ఇలాగే రావాలండి. మీ సొంత తెలివి మాత్రం వద్దు."

చీమంత అక్షరాల్ని కంప్యూటర్లో ఏనుగంత చేసినట్టున్నాడు, వంపులన్నీ మెట్లు మెట్లుగా విరిగాయి. నల్ల ఇటుకలు పేర్చి కట్టినట్టున్నాయి. కొత్త ఫ్యాషనేమో అనుకున్నా. అడగలా. అచ్చం అన్నాడుగా!

రేకు మీద సుద్దదారం లాగి కొట్టి గళ్ళు వేసా. ఒక్కో గడీ నింపుకుంటూ పోయా. మన అక్షరాల్లో నిటారు గీత కావాలంటే వెతుక్కోవాలి. ‘శిక్షణ’లో ఒక్క ‘క్ష’కే నాలుగు వేల గళ్ళు పట్టాయి. లేచి నిలబడ్డాక కూడా నడుం రేకు మీదే ఉండిపోయింది.

"ఏవండీ, అన్నం మెతుకుల్ని కూడా వరసలు పేరుస్తున్నారేంటి?" అంది మా ఆవిడ.

బోర్డు ఎక్కించాం. ఓనరు మొహం మాడిపోయింది.

"ఇదేంటండీ, మెట్లు కూడా రాసేశారు! ప్రింటు సరిగ్గా రాక అలా పడ్డాయండీ అవి!"

నా గుండె రేకు కన్నా పల్చబడింది. ఇంతలో ఎదురు కిరాణా కొట్టు శెట్టిగారు రోడ్డు దాటి వచ్చి తలెత్తి చూశారు.

"అబ్బ! చదవకుండానే కంప్యూటరని తెలిసిపోతోందయ్యా. నా కొట్టుక్కూడా ఇవే రాయి."

"బెల్లం, చింతపండుకి ఇవెందుకండీ?"

"ఎదురోడికుంటే నాకొద్దా?"

ఓనరు గొంతు సవరించుకుని, "సరే, ఉంచండి" అన్నాడు.

అంతే. టెంటు హౌసు, టైలరు, పెనుగంచిప్రోలు మిరప విత్తనాల కొట్టు, అందరికీ మెట్లే కావాలి. చికెన్ సెంటరాయన కోడిని కూడా గళ్ళల్లోనే వేయించాడు. అది మేస్త్రీ కట్టిన కోడిలా ఉండేది. కొన్నేళ్ళపాటు చేతినిండా పని, ఒంటినిండా నొప్పులు.

తర్వాత నందిగామలో ఫ్లెక్సు షాపు వచ్చింది. నాకు పిలుపులు తగ్గాయి, ఆగాయి. ఒకరోజు చూద్దామని వెళ్ళా. కంప్యూటర్ ముందు ఒకతను అక్షరాలు పెద్దవి చేస్తున్నాడు. పక్కన బేరానికొచ్చినాయన విసుక్కుంటున్నాడు.

"ఏందయ్యా ఈ మెట్లు? పాతకాలం బోర్డులా! నున్నగా చెయ్యి."

అతను ఏదో నొక్కాడు. వంపులన్నీ తిరిగొచ్చేశాయి. నా నడుం మాత్రం రాలేదు.

"మీకేం కావాలి బాబాయ్?" అన్నాడు నావైపు తిరిగి.

"ఏం లేదబ్బాయ్, దారినపోతూ చూస్తున్నా" అని దర్జాగా బయటికొచ్చేసా.

ఇక మా ఆవిడకి మడిచే శ్రమ తగ్గిస్తా. నాలుగు వేల గళ్ళన్నది పెంచిన మాట, నాలుగొందలు కూడా ఉండవు. పూర్తిగా కల్పించింది ఒక్కటే, ఆ దర్జా. నిజానికి నేనన్నది, "పనేమన్నా ఉందా అబ్బాయ్" అని.

ఫ్లెక్సులకి చెక్క ఫ్రేములు కొట్టే పనుందన్నాడు. మర్నాడు పొద్దున్నే వెళ్ళా.